నల్ల బొమ్మ, ఏలక్కాయ బేరం

2021లో హిందీ సినిమా అవార్డుల పండుగ పూర్తి పేరేమిటో గుర్తుందా? విమల్ ఇలాయ్చీ ఫిల్మ్‌ఫేర్ అవార్డులు. మరుసటి ఏడు ఏలక్కాయ పోయి వుల్ఫ్ 777 న్యూస్ వచ్చింది. చివర న్యూస్ అని ఉంది కదా, ఏ వార్తాసంస్థో అనుకునేరు. 2022 ఆగస్టు 30న ముంబై జియో వరల్డ్ కన్వెన్షన్ సెంటర్‌లో ఆ పేరు కింద అవార్డు నల్ల బొమ్మలు పంచారు. అక్టోబర్ 3న కేంద్ర సమాచార ప్రసార శాఖ ఒక హెచ్చరిక జారీ చేసింది. ఆన్‌లైన్ బెట్టింగ్ కంపెనీలు వార్తల సైట్ల ముసుగేసుకుని ప్రకటనలిస్తున్నాయి, వాటిని ప్రసారం చేయకండి అని. ఆ కంపెనీల జాబితాలో వుల్ఫ్ 777 ఉంది.

ఇక ఏలక్కాయ సంగతి. పాన్ మసాలా బ్రాండు పేరునే ఏలక్కాయ పొట్లం మీద అచ్చేసి, పొట్లం చూపించి బ్రాండును గుర్తుచేసే విద్య అది. ఆ పొట్లం పట్టుకుని నవ్వినందుకు అక్షయ్ కుమార్‌ని అభిమానులే దులిపేశారు. 2022 ఏప్రిల్‌లో ఆయన క్షమాపణ చెప్పి తప్పుకున్నాడు. ఒక నటుడు జనానికి ఆ మాత్రం జడిశాడు. అవార్డుకి ఆ జంకు కూడా లేదు. నాలుగు నెలలు దాటాయో లేదో బెట్టింగ్ పేరు నుదుటికి అంటించుకుని వేదికెక్కింది.

ఈ అవార్డుకి పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరు. 1954 మార్చి 21న బొంబాయి మెట్రో థియేటర్లో మొదటిసారి ఇచ్చినప్పుడు వీటిని క్లేర్స్ అన్నారు. క్లేర్ మెండోన్సా అనే ఆవిడ టైమ్స్ ఆఫ్ ఇండియాలో సినిమా విమర్శకురాలు, ఆమె జ్ఞాపకార్థం ఆ పేరు. ఫిల్మ్‌ఫేర్ అనే సినిమా పత్రిక తన అవార్డుకి ఏ స్టారు పేరో, ఏ నిర్మాత పేరో, ఏ సబ్బు కంపెనీ పేరో కాకుండా ఒక విమర్శకురాలి పేరు పెట్టుకుంది. ఉన్న విభాగాలు అయిదే. ఉత్తమ చిత్రం ‘దో బీఘా జమీన్’, దర్శకుడు బిమల్ రాయ్, నటుడు ‘దాగ్’కి దిలీప్ కుమార్, నటి ‘బైజూ బావ్‌రా’కి మీనా కుమారి, సంగీతం అదే సినిమాకి నౌషాద్. అప్పు తీర్చడానికి కలకత్తా వీధుల్లో రిక్షా లాగిన రైతు కథకి మొట్టమొదటి బహుమతి దక్కింది. ఈ అయిదు పేర్లలో ఒక్కదాన్ని చూసి కూడా ఇవాళ ఎవరూ పెదవి విరవలేరు. ఆ మొదటి రాత్రి మీద నాకు గౌరవమే. ఆ గౌరవాన్ని పెట్టుబడిగా పెట్టి డెబ్బై ఏళ్లుగా వడ్డీ తింటున్నవాళ్ల మీదే నా కోపం.

ఆ తర్వాత జరిగిందంతా పతనమేనని చెబితే అబద్ధమవుతుంది. కొన్నేళ్లు ఈ అవార్డు బాగుపడింది కూడా. ఎలా బాగుపడిందో చూడండి. 1956లో వచ్చిన ‘చోరీ చోరీ’కి శంకర్-జైకిషన్‌కి సంగీత బహుమతి వచ్చింది. సభలో ‘రసిక్ బల్మా’ పాడమని లతా మంగేష్కర్‌ని అడిగారు. ఆవిడ ససేమిరా అంది. బహుమతి ఇచ్చింది బాణీకి కదా, గొంతుకి విభాగమే లేదు కదా, అలాంటప్పుడు గొంతు లేకుండా వాయిద్యాలతోనే కానివ్వమని ఆవిడ వాదన. సభవాళ్లకి ఒళ్లు మండి ఉంటుంది. కానీ ‘మధుమతి’ వచ్చేనాటికి నేపథ్య గాయకులకి విభాగం పుట్టింది, మొదటి బహుమతి ‘ఆజా రే పరదేశీ’కి లతకే వెళ్లింది. అదే ఏడు గీత రచయితలకీ చోటు దొరికింది, ‘యహూదీ’లో పాటకి శైలేంద్ర అందుకున్నాడు. ఎవరో కమిటీలో కూర్చుని ఉదారంగా ఆలోచించి ఇచ్చిన విభాగాలు కావవి. ఒక గొంతు పాడనని మొరాయిస్తే వచ్చినవి. కొన్నాళ్లకి తనకింక వద్దని, కొత్తవాళ్లకి ఇవ్వమని అదే లత తప్పుకుంది.

1973లో ప్రాణ్ చేసిన పని ఇంకా పెద్దది. ముందటేడు ‘పాకీజా’ వచ్చింది. ఆ పాటలు కట్టిన గులామ్ మొహమ్మద్ 1968లోనే చనిపోయాడు, తన పాటలు ఊళ్లేలడం చూడలేదు. సంగీత బహుమతి మాత్రం ‘బేఇమాన్’కి శంకర్-జైకిషన్ పేరున వెళ్లింది. ఉత్తమ చిత్రమూ ‘బేఇమాన్’ అట! ఇవాళ దారినపోయే పదిమందిని ఆపి ‘బేఇమాన్’లో ఒక పాట పల్లవి అందుకోమనండి చూద్దాం. అదే ‘బేఇమాన్’లో నటనకి ప్రాణ్‌కి ఉత్తమ సహాయ నటుడి బహుమతి వచ్చింది. తనకి వచ్చినదాన్ని ఆయన వద్దన్నాడు. ‘పాకీజా’ సంగీతాన్ని కాదన్న సభలో నేను బహుమతి తీసుకోనన్నాడు. ఏళ్ల తరబడి తెరమీద దుర్మార్గుడిగా బతికిన మనిషి, తన సినిమా గెలిచిన రాత్రి, తన బొమ్మని వదులుకుని, చచ్చిపోయిన పరాయి సంగీత దర్శకుడి పక్షాన నిలబడ్డాడు. ఫిల్మ్‌ఫేర్ చరిత్రలో నన్నడిగితే అన్నిటికన్నా గొప్ప సన్నివేశం అదే. ఏ ప్రసారంలోనూ దాన్ని చూపించి గొప్పలు చెప్పుకోరు.

ఆ మరుసటి ఏడాదే ‘బాబీ’ కుర్రాడికి ఉత్తమ నటుడి బహుమతి. 2017లో అచ్చయిన ఆత్మకథలో రిషీ కపూర్ స్వయంగా రాసుకున్నాడు, ముప్ఫై వేలు ఇచ్చి ఆ రోజుల్లో అవార్డు కొనుక్కున్నానని, అందుకు సిగ్గుపడుతున్నానని. ఆ డబ్బు నిజంగా చేరాల్సిన చోటికే చేరిందా, మధ్యవాడు మింగి నోరు తుడుచుకున్నాడా అన్నది వేరే సంగతి. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు, రాజ్ కపూర్ కొడుకు, దీనికో రేటుంటుందని సులువుగా నమ్మేశాడు చూశారా, అక్కడ ఆగండి. గుడిలో హుండీ ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ ఊళ్లో అవార్డుకి రేటుందంటే అంతే మామూలుగా విన్నారన్నమాట. ఆ ఏడాది పోటీలో ‘జంజీర్’ అమితాబ్ ఉన్నాడు.

ఇలా తప్పిన గురుల లెక్క తీస్తే చాంతాడంత అవుతుంది. ‘ప్యాసా’ని పట్టించుకోలేదు. ‘ముఘల్-ఎ-ఆజమ్’ని ఉత్తమ చిత్రమని ఒప్పుకుని నౌషాద్ సంగీతాన్ని మాత్రం వెనక్కి నెట్టారు. అందులో వింతేమీ లేదు, తీర్పన్నాక తప్పవచ్చు, అభిరుచికి అప్పీలు కోర్టు లేదు. నేనంటున్నది తప్పు తీర్పుల గురించి కాదు. అసలు తీర్పే లేకుండా పోవడం గురించి.

కంగనా రనౌత్ గొడవ తీసుకోండి. ఆవిడ నోటిదురుసుకి నేను వకాల్తా పుచ్చుకోను. 2022లో ‘తలైవి’కి ఉత్తమ నటి నామినేషన్ ఇచ్చారు. ఇలాంటి అవార్డుల్లో నేనుండను, దావా వేస్తానని ఆవిడ ఎగిరింది. వెంటనే ఫిల్మ్‌ఫేర్, ఆవిడవి దురుద్దేశపు అబద్ధాలంటూ నామినేషన్ వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకోవడమేమిటి? ఆ ఏడాది జయలలిత పాత్రలో ఆవిడ నటన గొప్ప నటనల్లో ఒకటని మీ న్యాయనిర్ణేతలు నిజంగా అనుకుని ఉంటే, ఆవిడ మిమ్మల్ని తిట్టిందని ఆ నటన రాత్రికి రాత్రి పాడైపోయిందా? చదువులో మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల హెడ్మాస్టరుని ఎదిరించిందని మార్కులు చెరిపేస్తారా? ఆ ఒక్క చర్యతో వాళ్లే ఒప్పుకున్నారు, నామినేషన్ అనేది నటన మీద అభిప్రాయం కాదు, ఇంటివాళ్లు పంపే శుభలేఖ అని. మర్యాదగా రాకపోతే పేరు కొట్టేస్తారు.

వచ్చినవాళ్లకే ఇస్తారని ఒక అపవాదు ఉంది. అది పూర్తిగా నిజం కాదు. ఆమిర్ ఖాన్ తొంభైల్లోనే ఈ సభలకి రావడం మానేశాడు, అయినా ‘దంగల్’కి ఆయనకే ఇచ్చారు. ఇవ్వక చస్తారా? ఆ స్థాయి సినిమాని వదిలేస్తే పరువు పోయేది అవార్డుదే. కానీ ఆమిర్ మానేయడాన్ని తిరస్కారం అనలేను, అది దూరంగా ఉండటం. నసీరుద్దీన్ షా తన ఫామ్‌హౌస్‌లో బాత్రూము తలుపులకి పిడులుగా ఈ బొమ్మలు బిగించానని 2023లో ఒక ఇంటర్వ్యూలో చెప్పి నవ్వించాడు. ఎన్.జి. పాన్సరే అనే శిల్పి చెక్కిన బొమ్మ అది, చేతులెత్తి నిలబడిన నర్తకి, ఆవిడ చేసిన పాపం ఏమిటి పాపం. ఆ వేళాకోళం నాకు నచ్చింది, కానీ అందుకున్న రోజున వేదిక మీద వద్దని ఉంటే ఇంకా నచ్చేది. 2020లో ‘కేసరి’ పాట ‘తేరీ మిట్టీ’ని కాదని ‘గల్లీ బాయ్’ పాటకి ఇచ్చారని మనోజ్ ముంతషిర్ ఇకపై ఏ అవార్డుల సభకీ రానని శపథం చేశాడు. బాధ నిజమే. అయితే ఓడినవాడి శపథానికీ ప్రాణ్ లాంటి గెలిచినవాడి తిరస్కారానికీ తేడా ఉంది. రెండోదానికే సభ భయపడుతుంది.

ఆ ఏడాది ‘గల్లీ బాయ్’కి 13 బొమ్మలు. అంతకుముందు రికార్డు ‘బ్లాక్’ది, 11. 2025 అక్టోబర్‌లో ‘లాపతా లేడీస్’కి మళ్లీ 13. కిరణ్ రావు సినిమా నాకు చాలా ఇష్టం, ఆ రైలు పెట్టెలో మారిపోయిన పెళ్లికూతుళ్ల కథని ఎంత చల్లగా చెప్పిందావిడ! కానీ ఏడాది పొడుగునా వచ్చిన హిందీ సినిమాల్లో పాటా, మాటా, నటనా వరసపెట్టి ఒకే ఇంట్లో పండాయంటే నమ్మేదెలా? ఒక్కో పనినీ విడిగా కూర్చుని తూచినవాళ్లు ఇలా ఇవ్వరు. ఆ సినిమా బాగుందనుకున్నారు, కాగితం మీద వరసగా టిక్కు పెట్టుకుంటూ పోయారు.

అలా పోగా మిగిలినవాళ్ల కోసం ఒక పక్క గది కట్టారు, దానికి క్రిటిక్స్ అవార్డని పేరు. 1998లో మన హైదరాబాద్ నుంచి వెళ్లిన రామ్‌గోపాల్ వర్మ ‘సత్య’ తీసి ముంబై సినిమా భాషనే మార్చేశాడు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, సహాయ నటుడు, సహాయ నటి అన్నీ ‘కుచ్ కుచ్ హోతా హై’కి. ‘సత్య’కి క్రిటిక్స్ చిత్రం, భీకూ మ్హాత్రేగా తెర చించేసిన మనోజ్ బాజ్‌పాయీకి క్రిటిక్స్ నటుడు. 2020లోనూ అంతే, కుల హత్యల గురించి మాట్లాడిన ‘ఆర్టికల్ 15’ని ‘సోన్‌చిడియా’తో కలిపి ఆ గదిలోనే కూర్చోబెట్టారు. విమర్శకురాలి పేరుతో పుట్టిన అవార్డులో విమర్శకుల మెచ్చుకోలు ఇవాళ ఓదార్పు బహుమతి. పెద్ద హాల్లో స్టార్లు, పక్క గదిలో సినిమా.

ఆ పక్క గదిలోకి కూడా రానివ్వని జనం ఉన్నారు. ఎడిటర్లు, సౌండ్ డిజైనర్లు, కళా దర్శకులు, దుస్తులు కుట్టించినవాళ్లు, ఫైట్లు కట్టినవాళ్లు. 2024 జనవరిలో ఈ పండుగ గుజరాత్ వెళ్లింది. 27న గాంధీనగర్‌లో సాంకేతిక నిపుణులకి ఇచ్చేశారు, 28న గిఫ్ట్ సిటీలో అసలు రాత్రి. అసలు రాత్రి నిండా స్టార్ల నృత్యాలు, యాంకర్ల వేళాకోళాలు, ముందు వరసలో ఎవరు ఎవర్ని చూసి కన్నుగీటారో చూపించే కెమెరాలు. ఆ కెమెరాలు పట్టినవాడి వృత్తికి ముందురోజే దండ వేసి పంపేశారు. ఒక్క సంగతి తలుచుకోండి. ‘షోలే’కి అప్పట్లో ఫిల్మ్‌ఫేర్ ఇచ్చింది ఒకే ఒక్క బహుమతి, ఎడిటర్ ఎం.ఎస్. షిండేకి. 2024 పద్ధతే అప్పుడుంటే ఆ ఒక్కటీ ముందురోజు సాయంత్రం చేతిలో పెట్టేసేవారు. అసలు రాత్రి ‘షోలే’ అనే సినిమా వచ్చినట్టే తెలిసేది కాదు.

టైమ్ లేదండీ, టీవీకి నిడివి సరిపోదండీ అంటారు. సంతోషం. టీవీ కార్యక్రమమని చెప్పండి, ఎవరికీ పేచీ లేదు. పాటలు పాడుకోండి, ఆడుకోండి. ఒక ప్రైవేటు పత్రిక, తన కవరు పేజీ మీద బొమ్మలేసి అమ్ముకునే స్టార్లకే బహుమతులిచ్చి, ఆ రాత్రిని మళ్లీ అమ్ముకుంటే అది వాళ్ల వ్యాపారం. మరి ఆ వ్యాపారంలో రాష్ట్ర ప్రభుత్వాలకి పనేమిటి?

2020 ఫిబ్రవరి 15న ఈ పండుగ గువాహటిలో జరిగింది, అస్సాం పర్యాటక సంస్థ ఒప్పందంతో. అంతకు రెండు నెలల ముందు, 2019 డిసెంబర్‌లో, అదే ఊరు పౌరసత్వ సవరణ చట్టం మీద భగ్గుమంది. కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపారు, ఆ ఆందోళనల్లో మనుషులు పోయారు. ఆ ఇళ్లలో ఏడుపు ఇంకా చల్లారకముందే సరుసజాయ్ స్టేడియంలో లేజర్ లైట్లు. రాష్ట్రం ప్రశాంతంగా ఉందని దేశానికి చూపించుకోవాలంటే బొంబాయి నుంచి హీరోల్ని దింపడాన్ని మించిన ఉపాయమేముంది? వెళ్లినవాళ్లలో ఒక్కరైనా మైకు పట్టుకుని ఆ ఊరి బాధ గురించి అరనిమిషం మాట్లాడితే ఎంత బాగుండేది! అవకాశం రానివాళ్ల కథ చెప్పిన ‘గల్లీ బాయ్’కి అక్కడే 13 బొమ్మలు.

2024లో గుజరాత్, 2025లో మళ్లీ గుజరాతే, ఈసారి అహ్మదాబాద్ కాంకరియాలో, డెబ్బయ్యో పండుగ. ‘లాపతా లేడీస్’ విడుదలైంది 2024 మార్చి 1న. దానికి బహుమతి 2025 అక్టోబర్ 11న. ఏడాదిన్నర దాటింది. ఉత్తమ సినిమా ఏదో తేల్చుకోవడానికి పట్టిన కాలమా అది? వేదిక, పర్యాటక శాఖ, స్టార్ల తారీకులు కుదరడానికి పట్టిన కాలం. ఉత్తమ నటుడి బొమ్మని అభిషేక్ బచ్చన్, కార్తిక్ ఆర్యన్ ఇద్దరికీ పంచారు. అభిషేక్ కొనుక్కున్నాడని సోషల్ మీడియాలో ఎవరో అంటే ఆయన నొచ్చుకుని జవాబిచ్చాడు. నేనాయన మాటే నమ్ముతాను, ‘ఐ వాంట్ టు టాక్’లో ఆయన బాగా చేశాడు. కానీ బాగా చేసినవాడు కూడా నేను కొనలేదు మొర్రో అని సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చిందంటే ఆ బొమ్మ విలువ ఎక్కడికి దిగజారిందో వేరే చెప్పాలా? ముప్ఫై వేల మరక యాభై ఏళ్ల తర్వాత ఇంకొకడి చొక్కాకి అంటింది.

మనకెందుకులే, బొంబాయి గొడవ అనకండి. ఈ పత్రిక 1964 నుంచీ తెలుగు సినిమాకీ ఇస్తోంది, తొలి బహుమతి ‘లవకుశ’కి. దక్షిణాది పండుగ 2024లో హైదరాబాద్‌లోనే చేసుకున్నారు. మనవాళ్లకి ఇలాంటి హంగుల మీద మోజు తక్కువేమీ కాదు. మిస్ వరల్డ్ పోటీలనే 2025లో తెలంగాణ ప్రభుత్వం నెత్తినెత్తుకుంది. ఇచ్చేవాడుంటే చచ్చినవాడూ లేచొచ్చాడట, హిందీ పండుగ రేపు విశాఖ తీరానికో హైటెక్స్‌కో రాదని ఎవరు చెప్పగలరు? సర్కారు అవార్డులేమీ సుద్దపూసలు కావు. నందుల మీద ఎంత రచ్చ జరిగిందో, చివరికవి ఎలా అటకెక్కాయో చూశాం. గద్దర్ పేరిట తెలంగాణ 2025లో ఇచ్చిన వాటి మీదా గొణుగుళ్లున్నాయి. కానీ అక్కడ కనీసం మంత్రిని నిలదీయొచ్చు, అసెంబ్లీలో అడగొచ్చు, సమాచార హక్కు కింద కాగితం పెట్టొచ్చు. ఇక్కడ ఖర్చు జనానిది, తీర్పు ప్రైవేటు పత్రికది. ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయని అడగండి, సీలు వేసిన కవరు చూపిస్తారు.

ప్రభుత్వాలు డబ్బివ్వడం ఆపాలి. పర్యాటకులు కావాలంటే రోడ్లు వేయండి, మరుగుదొడ్లు కట్టండి, కాజీరంగా గురించి ప్రకటన ఇవ్వండి, స్టారు నడుము తిప్పితే ఖడ్గమృగాన్ని చూడ్డానికి ఎవడూ టికెట్ కొనడు. పత్రిక తన అవార్డుని తన డబ్బుతో ఇచ్చుకోవాలి, ఓట్ల లెక్క బయటపెట్టాలి, పాన్ మసాలా నీడనీ బెట్టింగ్ నీడనీ పేరు మీంచి శాశ్వతంగా తుడిచెయ్యాలి. అడిగితే చేస్తారా? చెయ్యరు. లత అడిగిందని చేశారా? పాడనంది కాబట్టి చేశారు.

కాబట్టి నా మాట స్టార్లతో కాదు. వాళ్లకి ఆ రాత్రి వేదిక మీద ఆడినందుకు కూలి గిట్టుతుంది. ముందురోజు సాయంత్రానికి పిలుపందుకున్న ఎడిటర్ గారూ, సౌండ్ మిక్సర్ గారూ, కాస్ట్యూమ్ డిజైనర్ గారూ, ఈసారి పిలుపొస్తే ఒక్క ఉత్తరం రాయండి, అందరూ కలిసి సంతకాలు పెట్టండి. అసలు రాత్రి, అదే వేదిక మీద, అదే కెమెరాల ముందు పిలిస్తేనే వస్తామని. లేకపోతే ఆ బొమ్మల్ని కట్టలు కట్టి దాచుకోమని. మీరు కూర్చని సినిమా లేదు, మీరు మిక్స్ చెయ్యని పాట లేదు, టీవీలో వచ్చే ఆ రాత్రి డాన్సుని కూడా కూర్పు చేసి పెట్టాల్సింది మీ తోటి ఎడిటరే. ఆ ఎడిటర్‌కీ ఒక ఫోన్ కొట్టండి.